క్యామ్ మార్చే ముందు కొలత తీయండి

హైదరాబాద్‌లో ఒక తరం వాళ్లకు కారంటే రెండే: అంబాసిడర్, ఫియట్. ఆ ఫియట్‌కే 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. అయినా జనం నోట అది ఫియట్‌గానే మిగిలింది. ఉప్పల్, నాచారం వైపు జవహర్‌నగర్ లాంటి కాలనీల్లో ఏ గేటు పక్కనైనా కవరు కప్పి నిలబెట్టిన పద్మిని కనిపిస్తే దాన్ని పాత ఇనుము కింద లెక్కగట్టకండి. బొంబాయి కుర్లాలో తయారైన ఆ బండి ఇంజన్ 1089 సీసీ. బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75 మిల్లీమీటర్లు. సరిగ్గా ఇవే కొలతలున్న ఇంజన్ 1937 నాటి ఇటలీ ఫియట్ 508సిలో ఉంది. ఎంజో ఫెరారీ ఆల్ఫా రోమియో నుంచి విడిపోయాక 1940లో సొంతంగా కట్టించిన మొదటి రేసు కారు 815. దానికి వాడిన సిలిండర్ హెడ్‌లు ఆ 508సివే. రెండు హెడ్‌లను ఒకే దిమ్మె మీద వరసగా బిగించి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ చేశారు. యుద్ధం ముగిశాక 1946లో చిసిటాలియా సంస్థ ఆ 1100 ఇంజన్‌నే తీసుకుని డి46 అనే చిన్న రేసు కారు కట్టింది. మామూలు కారులో 32 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ ఆ కారులో సుమారు 60 ఇచ్చింది. మన వీధుల్లో తిరిగిన ఫియట్‌కీ, ఇవాళ కోట్లు పలికే ఇటలీ స్పోర్ట్స్ కార్లకీ ఉన్న చుట్టరికం ఇది.

ఈ చుట్టరికం తెలిసిన ప్రతి ఔత్సాహికుడికీ ఒక కోరిక పుడుతుంది. ఇంజన్ పై ఆర్‌పీఎంలో ఇంకాస్త హుషారుగా పరుగెత్తాలి, రేజ్ ఇస్తే ఊపిరి ఆడనట్టు ఆగిపోకూడదు, గొంతు విప్పి పాడాలి. దానికి అందరూ చెప్పే మొదటి మందు క్యామ్ షాఫ్ట్ మార్చడం. ఆ సలహాలో నిజం లేకపోలేదు. ఇటలీ కార్ల ఆ ప్రత్యేకమైన పరుగుకు మూలం చాలావరకు క్యామ్ దగ్గరే ఉంది. కానీ ఒక విషయం ముందుగా ఒప్పుకోవాలి. క్యామ్ ఇంజన్‌కు కొత్తగా బలం పోయదు. ఉన్న బలం ఏ వేగం దగ్గర బయటపడాలో నిర్ణయిస్తుంది, అంతే. పైన పెరిగిందంటే కింద ఎక్కడో తగ్గిందనే అర్థం. కాబట్టి పాత ఇటాలియన్ ఇంజన్ బాగా పరుగెత్తాలంటే మొదట చేయాల్సిన పని దాని క్యామ్ అసలు ఎక్కడ నిలబడి ఉందో కొలవడం. మార్చడం ఆ తర్వాతి మాట. చాలా ఇంజన్లకు ఆ రెండో అడుగు అవసరమే పడదు.

క్యామ్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. ఇంజన్ లోపల సన్నటి ఇనుప కడ్డీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఒక్కో ఉబ్బు ఒక్కో వాల్వును నొక్కి తెరుస్తుంది, దాటిపోగానే స్ప్రింగు ఆ వాల్వును మూస్తుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి రావడానికి ఒక వాల్వు, కాలిన పొగ బయటికి పోవడానికి ఒక వాల్వు. ఇంజన్‌కు ఇవే ముక్కుపుటాలు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. పద్మినిలో ఈ క్యామ్ కింద దిమ్మెలో ఉండి, పొడవాటి పుష్ రాడ్ల ద్వారా పైనున్న వాల్వులను కదుపుతుంది. 1954లో వచ్చిన ఆల్ఫా రోమియో జులియెట్టాలో రెండు క్యామ్‌లు హెడ్ మీదే ఉండి దాదాపు నేరుగా వాల్వులను నొక్కుతాయి. 1966లో ఫియట్ 124 స్పోర్ట్ కోసం ఔరేలియో లాంప్రెది గీసిన ఇంజన్‌లోనూ పైన రెండు క్యామ్‌లే. అయితే వాటిని గొలుసుకు బదులు పళ్లున్న రబ్బరు బెల్టుతో తిప్పాడు. అంతకుముందు ఫెరారీలో రేసు ఇంజన్లు గీసిన మనిషి సామాన్యుల కారుకు అంత మంచి హెడ్ ఇవ్వడం ఆ రోజుల్లో గొప్ప సంగతి.

వాల్వు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎంతసేపు తెరిచి ఉంటుంది, ఎంత ఎత్తు లేస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ ఉబ్బు ఆకారంలోనే ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని, పిస్టన్ కిందికి దిగి మళ్లీ లేవడం మొదలెట్టాక 60 డిగ్రీలకు మూసుకుందనుకోండి. మధ్యలో 180 డిగ్రీలు కలుపుకుంటే మొత్తం 260 డిగ్రీలు. ఇంజన్ 1000 ఆర్‌పీఎంలో తిరుగుతున్నప్పుడు ఈ 260 డిగ్రీలకు 43 మిల్లీ సెకన్లు పడుతుంది. 6000 దగ్గర ఏడు మిల్లీ సెకన్లు మాత్రమే. రెప్పపాటులో పదో వంతు కూడా లేని ఆ వ్యవధిలో సిలిండర్ నిండాలి. గాలికీ బరువుంది. కదలడానికి బద్ధకిస్తుంది, కదిలాక ఆగడానికీ బద్ధకిస్తుంది. పై వేగంలో ఆ రెండో బద్ధకం మనకు మేలు చేస్తుంది. పిస్టన్ పైకి లేవడం మొదలెట్టినా, దూసుకొస్తున్న గాలి ఇంకా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. అందుకే పరుగు ఇంజన్లలో వాల్వును ఆలస్యంగా మూస్తారు. ఇదే ఉదాహరణను 35, 75 డిగ్రీలకు పెంచితే మొత్తం 290 అవుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుకూ అంతే పెంచితే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం 40 డిగ్రీల నుంచి 70కి చేరుతుంది. పై వేగంలో బయటికి పోయే పొగ వెనకాలే కొత్త గాలిని లాక్కొస్తుంది కాబట్టి ఇదీ లాభమే.

నష్టం ఎక్కడంటే కింద. 1500 ఆర్‌పీఎంలో గాలికి ఆ ఊపు ఉండదు. వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, లోపలికి వచ్చిన మిశ్రమాన్ని పిస్టన్ తిరిగి కార్బొరేటర్ వైపే నెట్టేస్తుంది. రెండు వాల్వులూ తెరిచి ఉన్నప్పుడు పొగ లోపలికి చొరబడుతుంది. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, ఇంజన్ వణుకుతుంది, క్లచ్ వదలగానే ఆగిపోతుంది. ఉప్పల్ క్రాస్‌రోడ్స్ దాటి నాచారం మీదుగా మల్లాపూర్ వెళ్లే దారిలో బండి ఎక్కువసేపు మొదటి, రెండో గేర్లలోనే నడుస్తుంది. అక్కడ పనికొచ్చేది 2000 దగ్గరున్న లాగుడు. 6000 దగ్గరున్న కేక కాదు. మరి పై వేగం మీద అంత మోజు ఎందుకు? దానికీ లెక్క ఉంది. శక్తి అంటే టార్కునూ వేగాన్నీ గుణించి తీసేది. 100 న్యూటన్ మీటర్ల టార్కు 4000 ఆర్‌పీఎం దగ్గర 56 హార్స్‌పవర్ అవుతుంది. అదే టార్కు 6000 దాకా నిలబడితే 84 అవుతుంది. సిలిండర్ పెద్దది చేయకుండా శక్తి పెంచడానికి ఇటలీ ఇంజనీర్లు పట్టుకున్న దారి ఇదే. కాబట్టి కోరికలో తప్పు లేదు. దాని ఖరీదు తెలియకుండా కోరుకోవడంలోనే తప్పుంది.

ఆ ఖరీదు ఇటలీ కంపెనీలకే అందరికంటే ముందు తెలుసు. ఆల్ఫా రోమియో తన 1290 సీసీ జులియెట్టా స్ప్రింట్‌ను రెండు రకాలుగా అమ్మింది. మామూలు రకం 80 హార్స్‌పవర్, వెలోచె అనే చురుకు రకం 90. ఆ పది కోసం కంపెనీ క్యామ్‌ను మాత్రం మార్చి ఊరుకోలేదు. ఒక సోలెక్స్ కార్బొరేటర్ తీసి రెండు వెబర్లు పెట్టింది, కంప్రెషన్ పెంచింది, పొగ గొట్టాలను విడివిడిగా చేసింది. క్యామ్ ఆ జట్టులో ఒక ఆటగాడు. లాంబోర్గిని కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఫెరారీ నుంచి వచ్చిన జొత్తో బిజ్జారిని 1963లో ఆ సంస్థ కోసం మూడున్నర లీటర్ల 12 సిలిండర్ల ఇంజన్ గీశాడు. మొదటి రూపంలో అది 8000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 360 హార్స్‌పవర్ ఇచ్చే రేసు ఇంజన్. ఫెరుచ్చో లాంబోర్గినికి కావాల్సింది రోడ్డు మీద హాయిగా నడిచే కారు. జాన్‌పావొలో దల్లారా ఆధ్వర్యంలో కంప్రెషన్ తగ్గించి, క్యామ్‌లను మెత్తబరిచి, 6500 దగ్గర సుమారు 280 ఇచ్చేలా మార్చారు. 80 హార్స్‌పవర్ వదులుకున్నందుకు ఆ ఇంజన్ ఓడిపోలేదు. దాని వంశం పెరుగుతూ, మారుతూ 2010 దాకా లాంబోర్గిని కార్లలో కొనసాగింది. క్యామ్‌ను ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కట్టిన ఇంజన్ కాబట్టే ఆ ఆయుష్షు.

ఇంకో హద్దు కూడా ఉంది. అది లోహానిది. 75 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఫియట్ 1100 ఇంజన్‌ను 6000 దాకా తిప్పితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. 58.8 మిల్లీమీటర్ల పొట్టి స్ట్రోకున్న ఫెరారీ 250 ఇంజన్ 7500 తిరిగినా పిస్టన్ వేగం సెకనుకు 14.7 మీటర్లే. అంటే ఫియట్ 6000 దగ్గరే ఫెరారీ పడే శ్రమంతా పడుతోంది. దాన్ని కూడా 7500కి తీసుకెళ్తే ఆ వేగం దాదాపు 19కి చేరుతుంది. దాన్ని తట్టుకునే కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు అందులో లేవు. వాల్వు స్ప్రింగుల సంగతీ అంతే. వాల్వు మీద పడే కుదుపు వేగం వర్గంతో పెరుగుతుంది. 5000 నుంచి 7000కి వెళ్తే అది దాదాపు రెట్టింపు. స్ప్రింగు అంత తొందరగా వాల్వును వెనక్కి లాగలేకపోతే వాల్వు క్యామ్‌ను వదిలి గాల్లో తేలుతుంది. పిస్టన్ వచ్చి దాన్ని గుద్దితే ఇంజన్ అక్కడితో అయిపోయినట్టే. ఈ భయం పోగొట్టడానికే దుకాటి ఇంజనీరు ఫాబియో తల్యోని 1956లో మూసే పని కూడా స్ప్రింగుకు వదలకుండా మరో క్యామ్‌కే అప్పగించాడు. పాత ఫియట్‌లోనో, ఆల్ఫాలోనో ఆ ఏర్పాటు లేదు. కొత్త క్యామ్ వేసి పాత స్ప్రింగులే ఉంచడం బ్రేకులు చూసుకోకుండా ఘాట్ రోడ్డు దిగడం లాంటిది.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. యాభై ఏళ్లు తిరిగిన ఇంజన్‌లో క్యామ్ కంపెనీ పెట్టిన చోటే ఉందని అనుకోవడానికి వీల్లేదు. గొలుసు సాగుతుంది, స్ప్రాకెట్ పళ్లు అరుగుతాయి, క్యామ్ వెనకబడుతుంది. హెడ్ వంకర పోయిందని గ్రైండింగ్ చేయిస్తే, పైన క్యామ్ ఉన్న ఇంజన్లలో హెడ్ కిందికి దిగినంత మేర టైమింగ్ మళ్లీ వెనక్కి జరుగుతుంది. క్యామ్‌కూ వాల్వుకూ మధ్య వదిలే ఖాళీ, అంటే ట్యాపెట్ సందు, ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. డిగ్రీలు గీసిన పళ్లెం ఒకటి, డయల్ గేజ్ ఒకటి, సూది ముల్లుగా వంచిన తీగ ముక్క ఒకటి చాలు. పళ్లేన్ని క్రాంక్ ముక్కుకు బిగిస్తారు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో ఆపుడు బోల్టు పెట్టి, పిస్టన్ దానికి మెల్లగా తగిలే దాకా క్రాంక్‌ను చేత్తో ఒకవైపు తిప్పి గుర్తు పెడతారు. మళ్లీ రెండోవైపు తిప్పి మరో గుర్తు. రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే పిస్టన్ అసలు పైకొస. కంటితో చూసి ఇదే పైకొస అనుకోవడం పెద్ద పొరపాటు. ఎందుకంటే అక్కడ కొన్ని డిగ్రీల మేర పిస్టన్ కదిలినట్టే ఉండదు.

ఆ తర్వాత బోల్టు తీసేసి, డయల్ గేజ్‌ను ఇన్‌లెట్ ట్యాపెట్ మీద ఆనిస్తారు. వాల్వు పూర్తిగా లేచినచోట సున్నా పెట్టి, దానికి కొంత ముందు ఒక రీడింగు, దాటాక సరిగ్గా అంతే దిగినచోట ఇంకో రీడింగు తీస్తారు. పైకొస నుంచి లెక్కిస్తే ఒకటి 70 డిగ్రీలు, ఇంకోటి 154 వచ్చాయనుకోండి. మధ్య సంఖ్య 112. ఆ క్యామ్ కొస 108 దగ్గర ఉండాలని మాన్యువల్ చెబితే, అది నాలుగు డిగ్రీలు వెనకబడి ఉన్నట్టు. బండికి కింద లాగుడు ఎందుకు లేదో ఆ నాలుగు అంకెలోనే దొరికింది. ఆల్ఫాల్లో స్ప్రాకెట్‌కూ షాఫ్ట్‌కూ మధ్య చాలా రంధ్రాలుంటాయి. బోల్టును ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మార్చి కొద్దికొద్ది డిగ్రీలు సరిచేయవచ్చు. రెండు క్యామ్‌లున్న ఇంజన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఇన్‌లెట్‌ను, ఎగ్జాస్ట్‌ను విడివిడిగా జరపొచ్చు కాబట్టి, రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయాన్ని కొత్త క్యామ్ కొనకుండానే పెంచొచ్చు, తగ్గించొచ్చు. అలా జరిపిన ప్రతిసారీ వాల్వు పిస్టన్‌కు తగలడం లేదని చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే బంకమట్టిని పిస్టన్ మీద అంటించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ దింపి, ఆ మట్టి ఎంత నొక్కుకుపోయిందో బ్లేడుతో కోసి కొలవడం పాతకాలపు పద్ధతే. అయినా దానికి ఇప్పటికీ తిరుగులేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం: ఇంత శ్రమ పడితే వచ్చేది నాలుగు డిగ్రీలేనా, కొత్త క్యామ్ వేస్తే ఇరవై ముప్పై డిగ్రీలు ఒక్కసారే రావా అని. వస్తాయి. కానీ కొత్త క్యామ్‌ను కూడా ఆ సాగిన గొలుసు మీదే, ఆ కొలవని పైకొస దగ్గరే బిగిస్తే అదీ నాలుగు డిగ్రీలు వెనకే నిలబడుతుంది. అప్పుడు బండి బాగోలేకపోతే తప్పు క్యామ్‌దో, బిగింపుదో ఎవరూ చెప్పలేరు. కొలిచినవాడికి మాత్రం ఎక్కడ మొదలెట్టాడో తెలుసు, ఎంత లాభపడ్డాడో కూడా తెలుస్తుంది. రెండో అభ్యంతరం మనసుకు సంబంధించింది: ఇటలీ కారు ప్రాణమే ఆ పై వేగపు పాట కదా, దాన్ని మెత్తబరచమనడం దాని ఆత్మను తీసేయడం కాదా అని. ఈ మాటలో ప్రేమ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ గీసినవాడు అనుకున్న పాటను ఆ ఇంజన్ చాలా ఏళ్లుగా పాడటం లేదు. అరిగిన గొలుసుతో, తప్పిన ట్యాపెట్ సందులతో అది శ్రుతి తప్పి ఉంది. వీణ తీగలు మార్చే ముందు ఉన్న తీగలను శ్రుతి చేసి వినాలి. అప్పటికీ చాలకపోతే మార్చుకోవచ్చు.

మూడో అభ్యంతరం కాలానిది: క్యామ్ కంప్యూటరు చేతుల్లోకి వెళ్లిపోయిన ఈ రోజుల్లో, ఇంజనే లేని కార్లు వస్తుండగా, ఈ పాత విద్య ఎందుకని. నిజానికి ఆ కొత్త విద్యా ఇటలీదే. నడుస్తుండగానే క్యామ్ టైమింగ్‌ను మార్చుకునే ఏర్పాటుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మిన తొలి కారు 1980 నాటి ఆల్ఫా రోమియో స్పైడర్. ఆ ఏర్పాటును కనిపెట్టింది ఆల్ఫా ఇంజనీరు జాంపావొలో గార్చియా. ఒకే క్యామ్‌తో కింద లాగుడూ పైన పరుగూ రెండూ పూర్తిగా దక్కవని, ఏదో ఒకదాన్ని ఎంచుకోక తప్పదని ఆ కంపెనీయే ఒప్పుకున్నట్టు ఆ ఆవిష్కరణ. ఇక 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసులో ఇటలీ సంస్థ మసెరాటి పేరున్న కార్లు హైదరాబాద్ రోడ్ల మీద పరుగెత్తాయి. వాటిలో ఒక్క క్యామ్ కూడా లేదు. అది చూసి పాత ఇంజన్ల విద్య అక్కర్లేదనుకోవడం పొరపాటు. కొత్తవి తయారుకాని వస్తువులను నిలబెట్టడానికే ఎక్కువ నైపుణ్యం కావాలి. చేయి తిరిగినవాళ్లు తగ్గిపోయిన కొద్దీ ఆ నైపుణ్యం విలువ పెరుగుతుందే తప్ప తరగదు.

పాత బండిలో దేన్నీ ముట్టుకోకూడదనే వాళ్లదీ ఒక న్యాయమైన వాదన. వాళ్లకు చెప్పేది ఒక్కటే. టైమింగ్ సరిచేయడం మార్పు కాదు, మరమ్మతు. కంపెనీ అంకెకు తిరిగి తీసుకురావడమే అసలైన సంరక్షణ. నిజంగా క్యామ్ మార్చాల్సి వస్తే, పాతదాన్ని తుక్కుకు వేయకుండా నూనె రాసి, గుడ్డ చుట్టి, నిలువుగా వేలాడదీసి దాచండి. రేపు ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. కొత్త క్యామ్ మొదటి ఇరవై నిమిషాలు కీలకం. ఇంజన్ స్టార్ట్ కాగానే ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 పైన తిప్పాలి, లేదంటే ఉబ్బుల మీదికి నూనె సరిగా చేరక మొదటి రోజే అరుగుదల మొదలవుతుంది. ఆయిల్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. కొత్త కార్ల పొగ శుద్ధి పరికరాలను కాపాడటానికి ఈనాటి ఆయిళ్లలో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారు. ట్యాపెట్ మీద క్యామ్ నేరుగా రాసుకునే పాత ఇంజన్లకు ఆ రెండే కవచం. అవి తగినంత ఉన్న ఆయిల్‌నే అడిగి కొనాలి. ఎథనాల్ కలిసిన పెట్రోలు మిశ్రమాన్ని పలచబరుస్తుంది కాబట్టి కార్బొరేటర్ జెట్లు సరిచూడకుండా క్యామ్ పని ముగిసిందని అనుకోకూడదు.

నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టూ లేత్ పని, గ్రైండింగ్ పని తెలిసిన చేతులకు కొదవ లేదు. మిల్లీమీటరులో వందో వంతు తేడాను డయల్ గేజ్ మీద చదవడం అక్కడి పనివాళ్లకు రోజువారీ విద్య. పాత ఇటాలియన్ ఇంజన్‌కు కావాల్సింది సరిగ్గా ఆ విద్యే. విదేశాల నుంచి తెప్పించిన క్యామ్ డబ్బా దానికి మొదటి అవసరం కాదు. ఇంట్లో పాత ఫియట్ ఉన్నవాళ్లు, ఆల్ఫా గురించి కలలు కంటున్నవాళ్లు మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ క్యామ్ వేద్దామని కాదు. ఇప్పుడున్న క్యామ్ ఎన్ని డిగ్రీల దగ్గర నిలబడి ఉందని అడగండి. ఆ అంకెను కాగితం మీద రాయించుకోండి. దాన్ని సరిచేశాక ఒక నెల నడపండి. అప్పటికీ ఇంజన్ చాలదనిపిస్తే స్ప్రింగులు, కార్బొరేటర్, పొగ గొట్టం అన్నిటినీ కలిపి ఆలోచించి క్యామ్ మార్చండి. కొలత తీయకుండా మాత్రం ఆ పనికి పూనుకోకండి.